కొండదారికి కట్టుకోవలసిన బట్టలు



మోటారు సైకిలు మీద దూరప్రయాణము అనగానే మన పల్లెలలో ముందుగా చూచుకొనేది పెట్రోలు, తరువాత టైర్లలో గాలి, ఆ తరువాత దారిలో తినడానికి పులిహోర పొట్లము. ఒంటిమీద ఏమి వేసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. వెళ్ళిన చోట నలుగురిలో బాగుండాలని ఇస్త్రీ బట్టలు కట్టుకొని బయలుదేరుతాము. మైదానములో పక్క ఊరికి వెళ్ళి రావడానికి ఈ పద్ధతి ఎలాగో జరిగిపోతుంది. కొండదారిలో జరగదు.

విశాఖ, విజయనగరం మైదానాల నుండి అరకు, పాడేరు కొండలకు ఎక్కే దారిలో ఒక్క పూటలోనే మూడు కాలాలు ఎదురవుతాయి. శృంగవరపుకోటలో చెమటలు పట్టే ఎండ, అనంతగిరి మలుపులలో ముందు బండి కనబడనంత పొగమంచు, గాలికొండ దగ్గర చెప్పకుండా వచ్చే జల్లు, సాయంత్రానికి అరకు లోయలో వణికించే చలి. వీటన్నిటికీ ఒక్క చొక్కా చాలదు. అంతేకాదు, ఎండకు, చలికి, వానకు తగిన బట్ట ఒకటి, బండి పడినప్పుడు ఒంటిని కాపాడే బట్ట మరొకటి. రెండూ మన మీద ఉండాలి. బండి నడిపేవారి మీద ఎంత ఉండాలో వెనుక కూర్చున్నవారి మీద కూడ అంతే ఉండాలి. గడచిన నవంబరులో మేము చేసిన మూడు రోజుల ప్రయాణములో ఈ సంగతి కళ్ళారా చూచాము గనుక మన కుటుంబాలకు ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

నలుగురము, రెండు బండ్లు

పాడేరు దాపున ఉన్న ఒక చిన్న సంఘమువారు కోత పండుగకు రమ్మని పిలిచారు. మేము దంపతులము ఒక బండి మీద, మా సంఘపెద్దగారు, ఆయన అల్లుడుగారు మరొక బండి మీద బయలుదేరాము. పెద్దగారికి అరవై దాటాయి. తెల్లని పంచె, తెల్లని చొక్కా, భుజాన కండువా. ఎక్కడికి వెళ్ళినా ఆయన వేషము అదే. అల్లుడుగారు విశాఖపట్నములో ఉద్యోగము చేసే యువకుడు. సెలవు దొరికితే బండి మీద ఊళ్ళు చూచి వచ్చే అలవాటున్నవాడు.

అతడు బండి దిగగానే మా వీధి పిల్లలు చుట్టూ మూగారు. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న కోటు, మోకాళ్ళకు చిప్పలు, చీలమండ దాటిన బూట్లు, అరచేతిలో తోలు వేసి కుట్టిన గ్లవ్స్. అదేమి కోటని పిల్లలు అడిగితే "రైడింగ్ జాకెట్" అన్నాడు. అరుగు మీద ఉన్న ఆడవారు కొంగు అడ్డము పెట్టుకొని నవ్వారు. మన వైపు జాకెట్టు అంటే ఏమిటో మీకు తెలుసు గదా! అందుచేత ఇక మీదట దానిని జర్కిన్ అనే పిలుస్తాము.

అతడు మామగారి కొరకు కూడ ఒక జత మోకాటి చిప్పలు, గ్లవ్స్ తెచ్చాడు. పెద్దగారు హెల్మెట్ మాత్రము పెట్టుకొన్నారు. మిగిలినవి చూచి నవ్వి, "పంచె మీద ఇవి కట్టుకొంటే దారిలో కుక్కలు వెంటబడతాయండీ, అల్లుడుగారూ" అన్నారు. అవి సంచిలోనే ఉండిపోయినవి.

మేము అనుకొన్న దారి ఇది. మొదటి రోజు శృంగవరపుకోట, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కి టైడా, అనంతగిరి, సుంకరిమెట్ట మీదుగా అరకు. రెండవ రోజు పాడేరు. మూడవ రోజు చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నము దిగి ఇంటికి. విశాఖపట్నము నుండి లెక్కవేసినా అరకు సుమారు 115 కిలోమీటర్లే. దూరము చూస్తే పెద్దది కాదు గాని ఎత్తు పెద్దది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉన్నది. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు గాలిలోని వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. ఇంటి దగ్గర 28 డిగ్రీలున్నప్పుడు కట్టుకొన్న బట్ట అక్కడికి వెళ్ళేసరికి పల్చనైపోతుంది.

ఎండలో ఆ బరువెందుకు?

శృంగవరపుకోటలో టీ త్రాగడానికి ఆగినప్పుడు ఎండ బాగా ఎక్కింది. పెద్దగారు అల్లుణ్ణి చూచి జాలిపడి, "ఆ మూట విప్పి నా ఒడిలో పెట్టండి, నేను పట్టుకొంటాను" అన్నారు. దానికి అతడు, "ఎండకని విప్పేస్తే, పడేటప్పుడు తొడుక్కోవడానికి తీరిక దొరకదండీ మామయ్యగారూ" అన్నాడు.

ఆ జర్కిన్ దగ్గరగా చూచాము. ఎండాకాలానికి వాడే రకము గనుక రొమ్ము మీద, చేతుల మీద జల్లెడవంటి గుడ్డ ఉన్నది. బండి కదిలితే గాలి లోపలికి దూరి చెమట ఆరిపోతుంది. ఆగినప్పుడు మాత్రమే ఉక్క. పడితే ముందుగా నేలకు తగిలే చోట్ల, అనగా భుజాలకు, మోచేతులకు, దళసరి నైలాను గుడ్డ కుట్టారు. దాని లోపల జేబులలో మెత్తని చిప్పలు ఉన్నవి. ఇవి మామూలుగా మెత్తగా ఉండి, దెబ్బ తగిలినప్పుడు ఆ విసురును పీల్చుకొంటాయి.

తోలు జర్కిన్ రాపిడికి ఇంకా గట్టిగా ఆగుతుంది. కాని మన ఎండకు కష్టము. వానకు తడిస్తే బరువెక్కి తొందరగా ఆరదు. మన తీరప్రాంతపు వారికి జల్లెడ గుడ్డ జర్కినే మేలు.

మనము రోజూ వేసుకొనే బట్టల సంగతి చెప్పాలంటే, నడిచే బండి నుండి పడిన మనిషి పడినచోటనే ఆగడు. తారురోడ్డు మీద కొన్ని మీటర్లు ఈడ్చుకొనిపోతాడు. పల్చని నూలు చొక్కా ఆ రాపిడికి ఎంతో సేపు నిలవదు. పాలిస్టరు ప్యాంటైతే రాపిడి వేడికి కరిగి చర్మానికి అంటుకొంటుంది. ఆ తరువాత గరుకు రోడ్డుకు మిగిలేది మన చర్మమే.

ఎండలో జర్కిన్ భరించడానికి ఒక తేలిక ఉపాయము అతడు చెప్పాడు. లోపల పొడుగు చేతుల పల్చని బనియను వేసుకొని దానిని నీళ్ళలో తడిపి పిండి తొడుక్కొంటే, జల్లెడ గుడ్డలోనుండి వచ్చే గాలికి గంటసేపు చల్లగా ఉంటుంది. అయితే ఘాట్ ఎక్కేముందు ఆ బనియను మార్చి పొడిది వేసుకోవాలి. చలిలో తడి నూలుబట్ట ఒంటిలోని వేడిని లాగివేస్తుంది.

చీర, చున్నీ, కండువా

బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యే ముందు ఆడవారి సంగతి చెప్పాలి. మన పల్లెలలో వెనుక కూర్చొనేవారిలో ఎక్కువమంది స్త్రీలు. ఒక పక్కకు తిరిగి కూర్చొంటారు. కొంగు గాలికి ఎగురుతుంది. చున్నీ మెడకు చుట్టి ఉంటుంది. అది చక్రములోనో చైనులోనో చిక్కుకొన్నప్పుడు క్షణములో మెడకు ఉరి బిగుసుకొంటుంది, లేదా మనిషి వెనక్కు పడిపోతుంది. ఇటువంటి చావులు మన ఊళ్ళలో విననివారు ఉండరు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వ నియమము దీని కొరకే ఉన్నది. వెనుక కూర్చొనేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారము, బట్టలు చిక్కుకోకుండ వెనుక చక్రములో సగమైనా కప్పే అడ్డు ఉండాలని అందులో వ్రాసి ఉన్నది. మనము శారీగార్డు అని పిలిచేది ఆ అడ్డునే. కుర్రవాళ్ళు బండి అందముగా కనబడాలని దానిని ఊడదీస్తున్నారు. తల్లిని, భార్యను, చెల్లెలిని ఎక్కించుకొనే బండికి దానిని తిరిగి బిగించండి.

మా ఇంటివారు ఈ ప్రయాణానికి పంజాబీ డ్రెస్సు వేసుకొన్నారు. చున్నీ పూర్తిగా జర్కిన్ లోపలికి దోపుకొని, రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చొన్నారు. కోత పండుగకు కట్టుకోవలసిన చీర సంచిలో మడతపెట్టి ఉన్నది. పాస్టరమ్మగారు చీర లేకుండ బండెక్కారేమిటని బయలుదేరేటప్పుడు ఒకరిద్దరు పెద్దమ్మలు అడిగారు. "కూటములో చీరే కట్టుకొంటానమ్మా, చక్రానికి మాత్రము చీర ఇవ్వలేను" అన్నారు ఆమె. పెద్దమ్మలు నవ్వి ఊరుకొన్నారు. చీరే కట్టుకోవలసివస్తే కొంగు నడుముకు చుట్టి గట్టిగా దోపి, దాని మీద జర్కిన్ వేసి గొలుసు పైకి లాగాలి. పెద్దగారి కండువాకు, చలిలో మనము చుట్టుకొనే మఫ్లరుకు కూడ ఇదే మాట వర్తిస్తుంది. కొసలు బయట వేలాడకూడదు.

పొగమంచులో తెల్ల బట్టలు

ఘాట్ ఎక్కుతుండగా ఎండ వెనుకబడిపోయింది. రోడ్డుకు రెండు పక్కలా అడవి దగ్గరపడింది. టైడా దాటిన తరువాత చెట్ల మధ్య పొగ లేచినట్లుగా కనబడింది. అది పొగ కాదు, మేఘము. ఇంకొంచెము పైకి వెళ్ళేసరికి మేము దాని లోపల ఉన్నాము. కాఫీతోటలు మొదలైనవి. నీడకు పెంచిన సిల్వరు ఓకు చెట్లు నిటారుగా నిలబడి, వాటి మొదళ్ళకు మిరియాల తీగెలు పాకి ఉన్నవి. పైకొమ్మల నుండి మంచు నీరు బొట్లు బొట్లుగా కాఫీ ఆకుల మీద పడుచున్నది. చూడటానికి ఎంతో అందముగా ఉన్నది గాని బండి నడపడానికి కష్టము.

ఒకచోట వెనక్కు తిరిగి చూస్తే అల్లుడుగారి నారింజరంగు జర్కిన్ లీలగా కనబడుచున్నది గాని, ఆయన వెనుక పెద్దగారు ఉన్నారో లేరో తెలియలేదు. తెల్ల పంచె, తెల్ల చొక్కా మంచులో కలిసిపోయినవి. సేవకులము, పెద్దలము తెల్ల బట్టలకు అలవాటుపడిన వారము. చీకటిలో తెలుపు కొంత కనబడుతుంది గాని పొగమంచులో కనబడదు. నలుపు, ముదురు నీలము చీకటిలో కనబడవు. పసుపు, నారింజ రంగులు రెండింటిలోను మేలు. లైటు పడితే మెరిసే పట్టీలు బజారులో దొరుకుతాయి. రోడ్డు పనివారు తొడుక్కొనే మెరుపు పట్టీల కోటు కూడ మంచిదే. ఉన్న బట్టల మీదనే దానిని తొడుక్కోవచ్చు. ఆ మలుపు దగ్గరనే ఆగి మా సంచిలో ఉన్న అటువంటి కోటు పెద్దగారికి తొడిగించాము. దానికి ఆయన అడ్డు చెప్పలేదు.

చలి కూడ అక్కడనే పట్టుకొంది. నిలబడినవానికి తగిలే చలి వేరు, బండి మీద ఉన్నవానికి తగిలే చలి వేరు. గాలి 10 డిగ్రీలున్నప్పుడు 40 కిలోమీటర్ల వేగముతో వెళ్ళేవాని ఒంటికి అది 6 డిగ్రీలుగా తగులుతుంది. అందుకే ఒక దళసరి స్వెట్టరు కంటె రెండు మూడు పల్చని పొరలు మేలు. ఒంటికి అంటి ఒక బనియను, దాని మీద ఉన్ని స్వెట్టరు, అన్నిటి పైన గాలి దూరని పొర ఒకటి. జల్లెడ జర్కిన్ ఒక్కటే ఉంటే స్వెట్టరులోనుండి గాలి సూదులవలె గుచ్చుతుంది. మన పల్లెలలో చలికాలము తెల్లవారుజామున పాలకేంద్రానికి వెళ్ళేవారు చొక్కా లోపల రొమ్ముకు పాత వార్తాపత్రిక పెట్టుకొంటారు. అది మంచి ఉపాయమే, గాలి దూరదు. పొరలైతే ఎండ వచ్చినప్పుడు ఒక్కొక్కటి విప్పుకోవచ్చు.

హెల్మెట్ అద్దము మన ఊపిరికి మసకబారుతుంది. దానిని వ్రేలి వెడల్పున పైకెత్తి ఉంచితే తేటపడుతుంది. నల్లద్దము మంచులోను, సందె వేళలోను వాడకూడదు. మంకీ టోపీ పెట్టుకొని దానిపైన హెల్మెట్ పెట్టేవారున్నారు. దళసరి టోపీ వలన హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. పల్చని గుడ్డ ముసుగు చాలును.

మొదటి చినుకుకే ఆగండి

గాలికొండ దగ్గర నిలబడి క్రింద లోయలు చూద్దామనుకొన్నాము. అంతా తెల్లని మబ్బే. బంగాళాఖాతములో అల్పపీడనమని ముందురోజే రేడియోలో చెప్పారు. సుంకరిమెట్టకు చేరకముందే చినుకులు పడినవి. తుంపరే గదా, అరకు వెళ్ళి ఆరబెట్టుకోవచ్చని మనకు తోస్తుంది. అల్లుడుగారు మాత్రము వెడల్పైన చోటు చూచి బండి ఆపి, అందరిచేత రెయిన్‌కోట్లు తొడిగించాడు. అవి సంచిలో అన్నిటికంటె పైన ఉన్నవి గనుక రెండు నిమిషాలలో పని అయిపోయింది. ఆ తరువాత అరగంట జోరున వాన.

కొన్ని జర్కిన్లకు వాన ఆపే పొర లోపల ఉంటుంది. ఒళ్ళు తడవదు గాని పైగుడ్డ అంతా నీరు పీల్చి బరువెక్కి చల్లబడుతుంది. అన్నిటిపైన తొడుక్కొనే విడి రెయిన్‌కోటే మన వానలకు తగినది. అది కూడ ప్యాంటు, కోటు రెండు ముక్కలుగా ఉండాలి. తల మీదనుండి వేసుకొనే దుప్పటివంటి రెయిన్‌కోటు గాలికి ఉబ్బి బండిని పక్కకు లాగుతుంది, చక్రములో చిక్కుకొంటుంది. ప్యాంటు అంచు సైలెన్సరుకు తగిలితే కరిగిపోతుంది గనుక చీలమండ దగ్గర పట్టీతో బిగించుకోవాలి.

తడిసిన చేతులు చలికి కొయ్యబారితే బ్రేకు పట్టు జారుతుంది. అల్లిన ఉన్ని గ్లవ్స్ వెచ్చగా ఉంటాయి గాని తడిస్తే జారుతాయి, పడితే కాపాడవు. తోలు గ్లవ్స్ మీద వదులుగా ఉండే రబ్బరు గ్లవ్స్ తొడుక్కొంటే నీరు ఆగుతుంది. మేజోళ్ళ మీద ప్లాస్టిక్ సంచి చుట్టి బూటు వేసుకొంటే పాదాలు తడవవు. ఖర్చు ఏమియు లేదు. సుంకరిమెట్టలో వేడి కాఫీ త్రాగుచు చూచుకొంటే, ఆ వానలో నలుగురిలో ఎవరి ఒళ్ళు తడవలేదు.

పసుపు పూల లోయ

అరకులో ఆ రాత్రి రెండు దుప్పట్లు కప్పుకొన్నాము. తెల్లవారి మబ్బు విడిపోయింది. అరకు నుండి పాడేరు వెళ్ళే దారిలో వలిసె చేలు పూచి, కొండల అడుగువరకు పసుపు పరచినట్లున్నది. ఈ పూల కొరకే నవంబరులో ఎంతోమంది వస్తారు. ఎండ వెచ్చగా ఉన్నందున స్వెట్టర్లు సంచిలోకి వెళ్ళినవి. జర్కిన్లు అలాగే ఉన్నవి.

పాడేరు 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణము. అక్కడి సహోదరులు మమ్మును ప్రేమతో చేర్చుకొన్నారు. కొత్త బియ్యము, రాగులు, అరటి గెలలు, పసుపు కొమ్ములు తెచ్చి మందిరములో పెట్టారు. మా ఇంటివారు తడి లేని చీర కట్టుకొని కూటములో కూర్చొన్నారు.

లంబసింగి దిగువన

మూడవ రోజు వేకువనే బయలుదేరాము. లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి నెలలలో కొన్ని సంవత్సరాలు అక్కడి చలి సున్న డిగ్రీల దాపుకు దిగుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరు. ఆరుబయట పడుకొన్నవాడు కొయ్యవలె బిగుసుకొనిపోతాడని దాని భావమట. మేము వెళ్ళిననాడు అంత చలి లేదు గాని మంచుకు రోడ్డంతా తడిగా ఉన్నది.

నర్సీపట్నము వైపు దిగుచుండగా ఒక మలుపులో కొండ మీదనుండి వానకు కొట్టుకొనివచ్చిన ఎర్రమట్టి, గులకరాళ్ళు పరుచుకొని ఉన్నవి. అల్లుడుగారు మెల్లగానే వెళ్ళుచున్నారు. అయినను వెనుక చక్రము పక్కకు జారి బండి కుడివైపుకు పడిపోయింది. ఇద్దరూ కొంతదూరము ఈడ్చుకొనిపోయారు.

మేము బండి ఆపి పరుగెత్తేసరికి అల్లుడుగారు లేచి నిలబడి మామగారిని పట్టుకొన్నారు. అతని జర్కిన్ మోచేతి దగ్గర గుడ్డ గీరుకొనిపోయి నూలుపోగులు లేచినవి. కుడిచేతి గ్లవ్ అరచేతిలో తోలు చిరిగింది. చిప్ప మీద గీతలు పడినవి. ఒంటిమీద గాయము లేదు. పెద్దగారి హెల్మెట్ కుడిపక్క వ్రేలంత పొడుగు గాడి పడింది. తల క్షేమము. కాని పంచె మోకాలి దగ్గర చిరిగి, చర్మము లేచిపోయి, లోపల మట్టి, రాళ్ళు దిగబడినవి. నేలకు ఆనించిన అరచేయి కూడ అంతే.

నర్సీపట్నములో ఆసుపత్రికి తీసుకొనివెళ్ళాము. ఎముక విరగలేదు. పుండులోని రాళ్ళు ఒక్కొక్కటి తీసి, బ్రష్షుతో కడుగుచుంటే ఆ పెద్దాయన పళ్ళు బిగబట్టుకొని మా చేయి పట్టుకొన్నారు. కడిగిన తరువాత అల్లుడివైపు చూచి, "మీరు ముందు కూర్చున్నారు, నేను వెనుక కూర్చున్నాను. రోడ్డు ఇద్దరికీ ఒకటేనండీ అల్లుడుగారూ" అన్నారు. వరికోతల సమయములో ఆయన నెల రోజులు పొలములో దిగలేదు. కూలీల ఖర్చు, కట్ల ఖర్చు, ఆసుపత్రికి తిరిగిన ఖర్చు కలిపితే, సంచిలో ఉండిపోయిన ఆ మోకాటి చిప్పల వెల ఎన్నో మారులు వచ్చేది.

తల సంగతి

హెల్మెట్‌కు ఒక చరిత్ర ఉన్నది. అరేబియా లారెన్సుగా పేరుపొందిన టి.ఇ. లారెన్సు 1935లో ఇంగ్లండులో మోటారు సైకిలు మీద వెళ్ళుచు, సైకిళ్ళ మీద ఉన్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడి, తలకు దెబ్బతగిలి ఆరు రోజులకు మరణించాడు. ఆయనకు చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు వైద్యుడు ఒకరు. ఆ మరణము ఆయన మనస్సులో నిలిచిపోయింది. ఆయన సైనిక మోటారు సైకిలు వారి తలగాయాలను పరిశీలించి 1941లో ప్రకటించాడు. ఆ తరువాతనే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు వారికి హెల్మెట్ తప్పనిసరి చేసింది.

మన దేశములో 1988 మోటారు వాహనాల చట్టము 129వ సెక్షను ప్రకారము నడిపేవారికి, వెనుక కూర్చొనేవారికి ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. 2019 సవరణలో నాలుగేళ్ళు దాటిన ప్రతివారికి అని స్పష్టము చేశారు. తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్‌తో పాటు, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలనియు, బండి 40 కిలోమీటర్ల వేగము దాటకూడదనియు 2023 ఫిబ్రవరి 15 నుండి నియమము అమలులోనికి వచ్చింది. అంత చిన్న బిడ్డలతో ఘాట్ ఎక్కవద్దనే మా మనవి. కొత్తవలస, కిరండోల్ రైలు మార్గము అరకు మీదుగానే పోవుచున్నది. బిడ్డలకు సొరంగాలు చూడటము సంతోషము, తల్లికి నెమ్మది.

డబ్బు తక్కువైతే ముందు ఏది?

అన్నీ ఒక్కసారి కొనగలవారు మనలో తక్కువ. ఒక్కొక్క పంటకు ఒక్కొక్కటి కొనుక్కోవచ్చు.

మొదట రెండు హెల్మెట్లు. ఐ.ఎస్.ఐ. ముద్ర చూచి, ముఖమంతా కప్పేవి తీసుకోండి. 2021 జూన్ 1 నుండి ఆ ముద్ర లేనివి తయారుచేయడము, అమ్మడము చట్టవిరుద్ధము. బుగ్గలకు ఆనుకొని ఉండాలి, గడ్డము క్రింది పట్టీ బిగించాలి. ఒక్కసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నట్లు కనబడినా మార్చవలసినదే. పెద్దగారి హెల్మెట్ ఇంటికి వచ్చిన మరునాడే మార్చారు.

రెండవది రెండు జతల గ్లవ్స్. పడేవాడు మొదట చేతినే నేలకు ఆనిస్తాడు. అరచేతిలో తోలు, మణికట్టు దగ్గర పట్టీ ఉండాలి. మూడవది బూట్లు. చీలమండ కప్పే తోలు బూట్లు ఏవైనా చెప్పుల కంటె ఎన్నో రెట్లు మేలు. కర్మాగారాలలో వాడే సేఫ్టీ బూట్లు కూడ పనికివస్తాయి. లేసుల కొసలు లోపలికి దోపాలి. నాలుగవది మోకాటి, మోచేతి చిప్పలు. వీటిని పంచె లోపల, ప్యాంటు లోపల కూడ కట్టుకోవచ్చు. ఎవరూ నవ్వరు.

అయిదవది జర్కిన్. కొనేటప్పుడు లోపల చేయి పెట్టి చిప్పలను బయటికి తీసి చూడండి. సి.ఇ. గుర్తు, లెవెల్ 1 లేక లెవెల్ 2 అని ఉంటుంది. రెండవది దెబ్బను ఎక్కువ ఆపుతుంది. చాలా జర్కిన్లలో వీపుకు వట్టి స్పంజి ముక్క పెట్టి అమ్ముతారు. అది తీసి గుర్తున్న చిప్ప వేసుకోవాలి. జర్కిన్ గుడ్డకు కూడ ఎ, ఎ.ఎ., ఎ.ఎ.ఎ. అని తరగతులున్నవి. ఎ లు ఎక్కువైనకొలది రాపిడికి ఎక్కువ ఆగుతుంది. దుకాణములో నిలబడి కాక, బండి మీద కూర్చొని చేతులు చాపి చూచుకోండి. చేతులు పైకి లాగకూడదు, చిప్ప మోచేతి మీదనే నిలవాలి, లోపల స్వెట్టరు పట్టే చోటు ఉండాలి. మరీ వదులైనదైతే పడినప్పుడు చిప్ప పక్కకు తిరిగిపోతుంది. ఆరవది రెండు ముక్కల రెయిన్‌కోటు.

ప్రతి వస్తువును రెండేసి లెక్కన వ్రాసుకోండి. ఒకరికే సరిపడ డబ్బు ఉంటే వెనుక కూర్చొనేవారికి ముందు కొనండి. ముందున్నవారికి మలుపు కనబడుతుంది, గుంట కనబడుతుంది, చేతికి బ్రేకు అందుతుంది. వెనుక ఉన్నవారికి ముందువారి వీపు తప్ప ఏమియు కనబడదు. మన ఇండ్లలో ఆ చోట కూర్చొనేది తల్లులు, భార్యలు, ముసలివారు, బడికి వెళ్ళే బిడ్డలు. ఈ నెల మీ ఇంటి బండి బయటికి తీసేటప్పుడు, వెనుక కూర్చొనేవారి కాళ్ళకు, చేతులకు, తలకు ఏమున్నదో ఒకసారి చూచి బయలుదేరండి.